నాన్న పేరు మీద నాటిన చెట్టును తీసేయొచ్చా? – ఒక ధర్మసందేహం



మొన్న వినాయక చవితి పత్రి గురించి చేసిన వీడియోలో ఒక మాట అనేసి ముందుకు వెళ్ళిపోయాను. "మా చిన్నప్పుడు పత్రి కోసం బజారుకు పోయే పని లేదండీ, గుడి దారి వెంట నడిస్తే సగం పత్రి అక్కడే దొరికేది" అన్నాను. చాలామంది "మా ఊళ్ళోనూ అంతే" అన్నారు. ఒక పెద్దాయన మాత్రం సూటిగా అడిగారు: "మరి ఇప్పుడు ఆ దారిలో ఏముంది బాబూ?"

వీడియోలో జవాబు చెప్పడానికి మొహమాటం వేసింది. ఇప్పుడు ఆ దారిలో ఉన్నవాటిలో పది చెట్లు నా డబ్బుతో నాటినవే. వాటి సంగతి నిదానంగా రాస్తేనే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది నల్గొండ వైపు ఒక చిన్న ఊరు. మెయిన్ రోడ్డు దిగి గుట్ట మీది గుడికి పోయే దారి కిలోమీటరున్నర ఉంటుంది. నా చిన్నప్పుడు ఆ దారికి రెండు వైపులా చింతలు, నడుమ నడుమ వేపలు, ఒక పెద్ద మర్రి. చెట్ల కింద రేగు పొదలు, జిల్లేడు, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు. వాన పడ్డాక నేలను అంటుకుని విష్ణుక్రాంత నీలంగా పూసేది. చవితి నాటి పొద్దున నాన్న వెంట సంచి పట్టుకుని బయల్దేరితే, ఇరవై ఒక్క పత్రాల్లో పది పన్నెండు ఆ దారిలోనే అయిపోయేవి. గరిక సరేసరి. దేవదారు, దానిమ్మ లాంటి వాటికే తిప్పలు. మీరు ఒకసారి ఆ ఇరవై ఒక్క పేర్లు వరసగా చదువుకోండి. అందులో తోటలో ప్రేమగా పెంచేవి తక్కువ. ఎవరూ నీళ్ళు పోయకుండా, బాట పక్కన తమంతట తామే మొలిచేవి ఎక్కువ. పెద్దవాళ్ళు ఆ జాబితా కట్టినప్పుడు బాట పక్కకు ఒకసారి చూసే ఉంటారని నాకు అనిపిస్తుంది.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. చింతలు పోయాయి, మర్రి పోయింది. రోడ్డు కావాలి కదా, బస్సు గుట్ట దాకా రావాలి కదా అని అందరం ఒప్పుకున్నాం, నేను కూడా.

2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా మొక్కలు నాటడం ఒక పండగలా నడిచింది. 2016లో నాన్న కాలం చేశారు. ఆ మరుసటి వానాకాలం గుడి కమిటీ వాళ్ళు "దారి పొడుగునా మొక్కలు పెడదాం, ఒక్కో దాత పది మొక్కలు తీసుకోవాలి" అన్నారు. నేను నాన్న పేరు మీద తీసుకున్నాను. పది మొక్కలు, పది ఇనుప కంచెలు, ఒక్కో కంచెకు రేకు ముక్క మీద నాన్న పేరు. మొక్క ఏదీ అని అడగలేదు. "తొందరగా పెరుగుతుంది, పశువులు పాడు చేయవు, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది" అన్నారు. నాకు అది చాలింది. ఆ మొక్క పేరు కోనోకార్పస్ అని రెండేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

నిజంగానే తొందరగా పెరిగాయి. ఏడాదికల్లా మనిషెత్తు దాటి, దారి రెండు వైపులా పచ్చని గోడల్లా నిలబడ్డాయి. గుడికి వచ్చినవాళ్ళు ఫొటోలు దిగేవారు. మన చానెల్ మొదట్లో పెట్టిన ఒక వీడియోలో నేనే వాటి ముందు నిలబడి వృక్షదానం మహిమ చెప్పాను. అది ఇంకా ఉంది, తీసేయలేదు.

నా కళ్ళు తెరిపించింది ఏ శాస్త్రవేత్తా కాదు, ఆ దారిలో మేకలు కాసుకునే ఒక అవ్వ. రెండేళ్ళ కిందట ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, కల్వర్టు గోడ నీడలో ముడుచుకుని కూర్చుంది. "ఇన్ని చెట్లు ఉండగా ఇక్కడ కూర్చున్నావేంటవ్వా?" అని అడిగాను. "గిన్ని చెట్లు వెట్టిండ్రు గాని బిడ్డా, ఒక్కదాని కిందనన్న కూసుందామంటె జాగ లేకపాయె. ఏం చెట్లో ఏమో, నీడ లేదు, కాయ లేదు" అంది.

వెళ్ళి చూశాను. అవి నేల నుంచే కొమ్మలు వేసుకుని, ఎండు మోపు నిలబెట్టినట్టు ఉంటాయి. మనిషి కూర్చోవడానికి కింద చోటు లేదు. ఆ దారంతా ఒక గంట నడిచాను. ఎక్కడా ఒక గూడు కనిపించలేదు. చింతల మీద కాకులు, గోరింకలు చేసే గోల గుర్తొచ్చింది. చెవుల నిండా ఉండే గోల అది. ఇప్పుడు ఆ దారి ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది.

ఇక అసలు సందేహానికి వద్దాం. నేను మంచి మనసుతోనే ఇచ్చాను. నాన్నను తలుచుకునే ఇచ్చాను. అది దానమేనా?

గీత పదిహేడో అధ్యాయంలో స్వామి సాత్త్విక దానం గురించి చెప్తూ మూడు సంగతులు చూడమంటారు: దేశం, కాలం, పాత్రత. తిరిగి మనకు ఉపకారం చేయలేని వారికి ఇవ్వమంటారు. ఈ చివరి మాట దగ్గర బాట పక్క చెట్టు మొదటి మార్కు కొట్టేస్తుంది. బాటసారి మనకు ఏమి తిరిగి ఇస్తాడు? పక్షి ఏమి ఇస్తుంది? మరి మిగతా మూడూ? కాలం సరిగ్గానే చూశాం, ఆషాఢంలో వాన పడ్డాకే నాటాం. పాత్రత అంటే పుచ్చుకునేవారు ఎవరు అని. ఆ దారిలో పుచ్చుకునేవాళ్ళు అవ్వ, ఆమె మేకలు, కాకి, గోరింక, తేనెటీగ, చవితికి పత్రి కోసం వచ్చే పిల్లవాడు. వీళ్ళలో ఒక్కరికీ నా దానం అందలేదు. అందింది ఎవరికయ్యా అంటే, కారులో వెళ్తూ "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అనుకునే నాకు. దానం ఇచ్చి, దాన్ని నేనే పుచ్చుకున్నట్టయింది.

దేశం సంగతి కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. "విదేశీ చెట్టు కదండీ, అందుకే పాపం" అని తేల్చేసేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ మాట మింగుడు పడదు. మా దారిలో పోయిన చింతలు ఉన్నాయి చూశారా, వృక్షశాస్త్రం చదివినవాళ్ళు చింత పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. ఎంతో పూర్వం మన నేలకు వచ్చి, మన పులుసులో, మన సామెతల్లో కలిసిపోయింది. ఏ చెట్లు నాటినవాడు నరకం చూడడో చెప్పే శ్లోకం పౌరాణికుల నోట మీరు వినే ఉంటారు. అందులో రావి, వేప, మర్రి, వెలగ, మారేడు, ఉసిరి, మామిడితో పాటు చింత కూడా ఉంది, అదీ పది చెట్లు నాటమని. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు మన చెలకల గట్ల మీదివే, కానీ వాటి పక్కన పెట్టే బంతి మెక్సికో వైపు నుంచి వచ్చిన పువ్వు. అమ్మవారు వద్దన్నదా?

ఇంకో సంగతి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు ఉన్నాయి, వెళ్ళగలిగినవాళ్ళు తప్పకుండా చూడండి. వాటిలో రెండో శాసనం బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాను, మనుషుల కోసం, పశువుల కోసం అంటుంది. అంతకుముందే, మందు మొక్కలు, పండ్ల చెట్లు ఎక్కడ లేవో అక్కడికి వేరే చోట నుంచి తెప్పించి నాటించాను అంటుంది. అంటే రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటే వేరే నేల మొక్కను తేవడం పుణ్యకార్యంగా రాయి మీద చెక్కించారు. అయితే ఎవరి కోసం అన్నది కూడా అదే రాయి మీద చెక్కించారు. మనం ఆ రెండో సగం మరిచిపోయాం.

కోనోకార్పస్ సోమాలియా, ఎమెన్ వైపు వాగుల ఒడ్డున పెరిగే చెట్టట. అక్కడ దాని చుట్టాలు దానికి ఉంటాయి, దాని మీద వాలే పిట్టలు, పురుగులు ఉంటాయి. గల్ఫ్ దేశాల్లో ఎడారి ఊళ్ళను పచ్చగా చేయడానికి దాన్ని విపరీతంగా నాటారు. కువైట్‌లో పదేళ్ళు చేసి వచ్చిన మా ఊరి తమ్ముడు ఒకడు "అన్నా, అక్కడ గూడ ఇవే. పైపులల్లకు ఏర్లు వోయినయని పీకిచ్చిండ్రు" అని నవ్వాడు. గుజరాత్‌లో 2023లో ప్రభుత్వమే ఇక వీటిని నాటొద్దంది, తెలంగాణలోనూ వద్దన్నారు. దాని పుప్పొడితో ఆయాసం వస్తుందన్న మాట మీద మాత్రం తెలిసినవాళ్ళే రెండు రకాలుగా వాదించుకుంటున్నారు. అందుకని నా వాదనను దాని మీద నిలబెట్టను. ఆ చెట్టును రాక్షసిని చేయడం కూడా నాకు ఇష్టం లేదు. అది ఎలా పెరగాలో అలా పెరిగింది, అంతే.

మన చెట్టు అయితే చాలు అనుకోవడానికీ లేదు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుఫానుకు చెట్లన్నీ కూలిపోయాక ఏడాకుల చెట్లు, అదే ఏడాకుల పొన్న అంటారు, పెద్ద సంఖ్యలో నాటారు. అది మన దేశపు చెట్టే. కానీ వీధికి వీధి అదే ఉండేసరికి చలికాలం మొదట్లో పూత వచ్చినప్పుడు ఆ ఘాటు వాసనకు తట్టుకోలేకపోతున్నామని అక్కడి జనం ఏటా మొర పెట్టుకుంటారు. అడవిలో ఇరవై రకాల మధ్య ఒకటిగా నిలబడే చెట్టును తెచ్చి వెయ్యి వరసగా నిలబెడితే తప్పు చెట్టుదా? సర్కారు తుమ్మనూ జమ్మినీ చూడండి, రెండూ దాయాదుల్లాంటివి. ఒకటి దూరదేశం నుంచి తెప్పించింది, చెరువు గర్భాలు, బాటల అంచులు అన్నీ ఆక్రమించుకుంది. ఇంకొకటి పాండవులు ఆయుధాలు దాచుకున్న చెట్టు. దసరాకు దాని ఆకు చేతిలో పెట్టుకుందామంటే ఇప్పుడు ఊళ్ళల్లో వెతుక్కుంటున్నాం. ఒక మొక్క తన పక్కవాళ్ళను బతకనిస్తుందా అన్న ప్రశ్న దాని పుట్టుక కంటే ముందు అడగాల్సింది అని నాకు అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలి? నాటకముందు చెప్పడం తేలిక. నాటి, ఎనిమిదేళ్ళు పెరిగాక?

మత్స్య పురాణంలో పార్వతీదేవి ఒక అశోక మొక్కను కొడుకులా పెంచుకుంటుంది. ఇదేంటమ్మా అని అడిగితే, పదిమంది కొడుకులు ఒక చెట్టుతో సమానం అని చెప్తుంది. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. మరి నాన్న పేరు కట్టి నిలబెట్టిన చెట్టును నరికిస్తే నా మాట నేనే కొట్టేసుకున్నట్టు కాదా? పైగా అది బతికి ఉన్న ప్రాణి. నన్ను నాటమని అది అడగలేదు.

మా పూజారి గారిని అడిగాను. ఆయన ఒక్కటే అన్నారు: "విత్తింది నువ్వు. పీకేటప్పుడు కోపంతో పీకకు. దానికి దండం పెట్టి పీకు." మా కుర్రాళ్ళలో ఒకడు "అన్నా, అన్నీ ఒక్క రోజే జేసీబీతో లేపేద్దాం, డ్రోన్‌తో వీడియో తీద్దాం, బ్రహ్మాండంగా వ్యూస్ వస్తాయి" అన్నాడు. దాపరికం ఎందుకు, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. మొదట నాటి పేరు తెచ్చుకున్నాను, ఇప్పుడు పీకి పేరు తెచ్చుకుందామన్నమాట! ఆ ఆలోచన వచ్చాకే నా దానంలో లోపం ఎక్కడుందో అర్థమైంది. మొక్క ఏదీ అని అడగని నేను, రేకు మీద పేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా అని రెండుసార్లు చూసుకున్నాను.

హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా బీజాపూర్ పోయే రోడ్డు వెంట తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పులో అవి పోకూడదని కొందరు ఏళ్ళ తరబడి పోరాడారు, విషయం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. నిజాం కాలంలో నాటారంటారు. గుంత తవ్వింది ఎవరు, కడవతో నీళ్ళు మోసింది ఎవరు? ఒక్కరి పేరూ లేదు. మన పెద్దలు సప్త సంతానాల్లో వన ప్రతిష్ఠను కూడా లెక్క పెట్టారు, కొడుకు తండ్రి పేరు నిలబెట్టినట్టే తోట కూడా నిలబెడుతుందని. కానీ ఆ మర్రుల కింద నిలబడి ఎండ తప్పించుకున్నవాళ్ళకు ఆ పేరు అవసరం రాలేదు.

ఇంతలో ఒక విచిత్రం గమనించాను. ఇది చెప్పడానికే ఇంత రాశానేమో. మా దారికి ఒక పక్క కరెంటు తీగలు వెళ్తాయి. ఆ తీగల కింద, కోనోకార్పస్ వరసకు బయట, గడ్డిలో చిన్న చిన్న వేప మొక్కలు ఉన్నాయి. రేగు ఉంది. కల్వర్టు పగుల్లో రావి ఉంది. ఎవరూ నాటలేదు. తీగల మీద వాలిన పిట్టలు పండ్లు తిని వేసిన గింజలు అవి. లెక్కపెడితే వేపలే నలభైకి పైగా తేలాయి. అన్నీ జానెడు, మూరెడు. పెద్దవి ఎందుకు లేవంటే, ఏటా దసరా ముందు "దారి శుభ్రం" అని ట్రాక్టర్ పెట్టి అంచులన్నీ చెక్కేస్తారు. దానికి చందా ఇచ్చేవాళ్ళలో నేనూ ఉన్నాను. పిట్టలు ఏటా నాటుతున్నాయి, మేము ఏటా గొరుగుతున్నాం, మధ్యలో హరితహారం అని కొనుక్కొచ్చి పెడుతున్నాం.

సేవ అంటే ఏదో ఒకటి చేయాలి అనుకుంటాం. ఇక్కడ చేయాల్సిన మొదటి సేవ చెక్కకుండా ఆగడం. వినడానికి తేలిక గానీ, కమిటీలో ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. "దారి పిచ్చిపిచ్చిగా ఉంటది, పాములొస్తయి" అన్నారు. ఆ భయం అబద్ధం కాదు. అందుకని నడిచే అంచున ఒక గజం వరకు కోస్తాం, అవతల వదిలేస్తాం అని రాజీ కుదిరింది. వయ్యారిభామ మాత్రం పూత రాకముందే వేళ్ళతో పీకాలి, లేకపోతే దారంతా అదే అయిపోతుంది. చేతులకు గుడ్డ చుట్టుకుని పీకండి, దురదలు వస్తాయి.

కోనోకార్పస్ విషయంలో కూడా ఒక్కసారిగా ఏదీ చేయలేదు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, పైగా రోడ్డు పక్కది మన సొంతం కాదు. పంచాయతీని అడిగి, మూడింట ఒకటి చొప్పున తీస్తున్నాం. ఖాళీ అయిన చోట ఒకే రకం పెట్టడం లేదు. కానుగ, నేరేడు, రేల, మోదుగ, వేప, గుట్ట మలుపు దగ్గర జాగా ఎక్కువున్న చోట మర్రి, మారేడు. తీగల కింద పొడుగు చెట్లు పనికిరావు కాబట్టి అక్కడ వావిలి, అడ్డసరం, తంగేడు. వీటిని పశువులు పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు లేదు. నీడ రావడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పడుతుంది. అప్పటి దాకా దారి బోసిగానే కనిపిస్తుంది, కొందరు తిడుతున్నారు కూడా. అవ్వ ఆ నీడ చూస్తుందో లేదో తెలియదు. నేను చేసిన పొరపాటుకు ఆమె ఎండలో కూర్చున్న ఏళ్ళు తిరిగి రావు, ఆ లెక్క నా దగ్గరే ఉంటుంది.

మొదటి విడతలో నాన్న పేరున్న చెట్లు నాలుగు పోయాయి. పూజారి గారు చెప్పినట్టే దండం పెట్టుకున్నాం. ఆ రేకులు ఇంటికి తెచ్చి, అమ్మను అడిగాను: "వీటిలో ఒకటి ఆ వేప మొక్కకు కడదామా?" అమ్మ కాసేపు రేకు తుడిచి, "అది కాకి నాటింది కదరా, దానికి మీ నాన్న పేరెందుకు?" అంది. రేకులు ఇప్పుడు అటక మీద ఉన్నాయి. వేపకు మాత్రం అమ్మ గుడికి వెళ్ళినప్పుడల్లా ఒక సీసా నీళ్ళు పోసి వస్తోంది.

వచ్చే చవితికి పత్రి వీడియో ఆ దారిలోనే తీద్దామనుకుంటున్నాం. గరిక, ఉత్తరేణి, జిల్లేడు దొరుకుతాయి, చూసి వచ్చాను. వావిలి కూడా అప్పటికి కాస్త చిగురు వేస్తుంది. విష్ణుక్రాంత ఇంకా కనపడలేదు. మీ ఊరి బాట పక్కన ఉంటే గింజ ఎండాక కాస్త పంపండి.